లోడు వెళ్ళేదాకా

గ్యాస్ అని మాత్రం నాతో అనకు అన్నయ్యా. పనివాళ్ళతో చెప్పుకో, మీ ఆవిడతో చెప్పుకో, బయట వ్యాన్ దగ్గర నిలబడ్డ డ్రైవరుతో చెప్పుకో. నాతో కాదు. గ్యాస్ వస్తే కడుపు ఉబ్బుతుంది, మెడ వాలిపోదు.

లేవకు, లేవకు. మర్యాదలు తర్వాత చూసుకుందాం. గడ్డం కిందనుంచి ఆ చెయ్యి ఒక్కసారి తియ్యి, చూస్తాను. తియ్యవు. తీస్తే తల ముందుకి పడిపోతుంది కదా. ఏదో ఆలోచిస్తూ కూర్చున్నట్టు ఉంటే ఎవరూ కనిపెట్టరనుకున్నావా? అలా కూర్చోవడం ఈ లాండ్రీ హాల్లో మొదలుపెట్టింది నేను. దుప్పట్ల మూట మీద మోచెయ్యి ఆనించి, అరచేతిలో గడ్డం పెట్టుకుని. దానికే కదా నాన్న నన్ను "మహారాణిగారు" అనేవాడు. నువ్వు పగలబడి నవ్వేవాడివి.

వదిన వైపు అలా చూడకు. అవును, ఫోన్ చేసింది ఆవిడే. నువ్వు వద్దన్నా చేసింది. మడత బల్ల దగ్గర నీ వైపు దుప్పటి కొస జారిపోతోందట. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవడం లేదట. మేడ మెట్లు కూర్చుని ఎక్కుతున్నావట, ఒక్కో మెట్టూ. తిన్నదల్లా కక్కేస్తున్నావట. ఆఖరికి ఈ పొద్దున బాత్రూంలో నువ్వు నీళ్ళు కొట్టకుండా వచ్చేస్తే తను వెళ్ళి చూసిందట. డికాషన్ రంగులో ఉందట.

అది విని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయల్దేరాను. ఆ రంగేమిటో నాకు తెలుసు. కండ కరిగి బయటికి పోతోందని అర్థం. ఇంకా ఆలస్యం చేస్తే మూత్రపిండాలు మూలపడతాయి, ఊపిరి తీసుకునే కండరాలు కూడా నీ మెడలాగే వాలిపోతాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. నీకు భయం ఉంటే ఎప్పుడో వెళ్ళేవాడివి.

ఏమిటి? లోడు వెళ్ళాకా?

భలేవాడివే. మెడ నిలబడకపోయినా మాట మాత్రం అచ్చం నాన్నదే. లోడు వెళ్ళాక తిందాం, లోడు వెళ్ళాక కూర్చుందాం, లోడు వెళ్ళాక ఏడుద్దాం. నా చిన్నప్పుడు జ్వరం వచ్చినా లోడు వెళ్ళాకే రావాలనుకునేదాన్ని.

ఆ నియమం ఎందుకొచ్చిందో నాకు తెలీదనుకోకు. ఎప్పుడో హోటల్ వాళ్ళ తెల్లదుప్పటి మీద ఎవరిదో కూర వేలిముద్ర పడి, ఆ రోజు లోడంతా వెనక్కి వచ్చింది. అప్పట్నుంచి వ్యాన్ తలుపు వేసేదాకా ఈ హాల్లో ఎవరి నోట్లోకీ మెతుకు పోకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు. కుర్చీ ఉండకూడదు. సరే, నియమం తప్పని నేను అనను. పనివాళ్ళందరూ పాటించారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆకలేస్తే మామూలు మనిషి ఒళ్ళు లోపలున్న కొవ్వు కరిగించుకుని పని చేసుకుంటుంది. నా ఒళ్ళు చెయ్యలేదు. అప్పుడు అది ఎవరికి తెలుసు, నాకే తెలీదు.

నాన్నని అక్కడిదాకా నేను ఏమీ అనను. తెలియక చేశాడు, చాలామంది తెలియకే చేస్తారు. ఆ తర్వాత చేసిందే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"దీనికి తిండి ఎక్కువై ఒళ్ళు బద్ధకిస్తోంది. మిగతావాళ్ళు తిన్నాక రెండో లోడు కూడా వెళ్ళనివ్వండి, అప్పుడు పెట్టండి. చురుగ్గా తిరుగుతుంది." అన్నాడా లేదా? అన్నాడు. నీరసంగా ఉన్న పిల్లకి ఆకలి మందన్నమాట. నా తిండి డబ్బా తీసుకెళ్ళి బాయిలర్ గది పై అరలో పెట్టింది ఎవరు? ఆ అర ఎందుకు ఎంచుకున్నావో కూడా నాకు తెలుసు. నా చేతులు అంత పైకి లేవవని.

మొహం తిప్పుకోకు. తిప్పుకునే ఓపిక కూడా లేదు నీకు, అనవసరంగా అలిసిపోతావు.

చూడు, దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. నువ్వు ఆ కొసన, నేను ఈ కొసన. మూలలు పట్టుకుని తలకంటే పైకెత్తి ఒక్క దులుపు దులపాలి. ఎవరి చెయ్యి జారుతోందో ముందు తెలిసేది అవతలివాడికే. నేను కావాలని వదిలేస్తే ఒక్కసారిగా పడుతుంది. నాది అలా పడేది కాదు. వణికి, మెల్లగా కిందికి దిగేది. రోజూ నా ఎదురుగా నిలబడ్డవాడివి, ఆ వణుకు నీ చేతికి తెలియలేదా? తెలుసు. తెలిసే "నాన్నా, ఇది మళ్ళీ నటిస్తోంది" అని కేక పెట్టేవాడివి.

నటించడం. ఇది కూడా చూడు, నటనే.

బాగా చూడు ఈ మచ్చ. మణికట్టునుంచి ఇక్కడిదాకా. నాన్న పోవడానికి ముందు ఏడాది సంగతి. కాలే ఇస్త్రీ రోలర్‌కి దుప్పటి అందిస్తున్నాను. చెయ్యి దాని మీద ఆనింది. కాలుతోందని తెలుస్తోంది, చర్మం వాసన కూడా వస్తోంది. చెయ్యి తియ్యమని నాకు నేను చెప్పుకుంటున్నాను, అది లేవడం లేదు. రెండో చేత్తో పట్టుకుని లాగాల్సి వచ్చింది. అప్పుడు నాన్న ఏమన్నాడు? "పని తప్పించుకోడానికి ఎంతకైనా తెగిస్తుంది." సొంత చెయ్యి కాల్చుకుందట కూతురు, సెలవు కోసం.

ఆ మర్నాడే కదా నేను ఇల్లు వదిలి వెళ్ళింది. పోతే పోయిందన్నారు. కళ్ళద్దాల షాపులో కౌంటర్ దగ్గర ఉద్యోగం. ఎందుకు చేరానో తెలుసా? అక్కడ కుర్చీ ఉంది. అంతే. ఎవరైనా ఉద్యోగం చూసి చేరతారు, నేను కుర్చీ చూసి చేరాను.

నాన్నకి బాగా లేనప్పుడు వచ్చాను. మంచం పక్కన నిలబడలేక కింద కూర్చుండిపోయాను. ఆయన కళ్ళు తెరిచి చూసి "ఇక్కడ కూడానా" అన్నాడు. అదే ఆయన నాతో ఆడిన చివరి మాట. నీకు "జాగ్రత్త నాయనా" అన్నాడు, వదినకి "పిల్లలు జాగ్రత్తమ్మా" అన్నాడు. నాకు ఇది.

సరేలే. పోయినవాళ్ళతో ఏం పోట్లాడతాం. ఇదిగో, ముందు ఈ అరటిపండు తిను. ఇక్కడే, ఈ హాల్లోనే. తెల్లదుప్పట్ల మధ్యే తిను, మరక పడితే మళ్ళీ ఉతుకుదాం, మనది లాండ్రీయే కదా. మింగలేకపోతే చిన్న చిన్న ముక్కలు చేసిస్తాను. వదిన పంచదార ఎక్కువ వేసి టీ తెస్తోంది. అదీ తాగాలి. ఖాళీ కడుపుతో ఇంకో గంట ఉన్నావంటే అంతా ఇంకా చెడుతుంది. గ్యాసని రెండ్రోజులుగా నిమ్మకాయ నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదటగా. కడుపు మాడ్చుకుంటే గ్యాస్ పోతుందని ఎవరు చెప్పారు నీకు? ఎవరూ చెప్పలేదు. మన ఇంట్లో అన్ని రోగాలకీ అదే మందు.

తింటూ విను. నీకేమైందో చెప్తాను, నాకు డాక్టరమ్మ చెప్పినట్టే.

నాన్న పోయాక, షాపులో ఉండగా నాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. అన్నం సయించలేదు, వాంతులు. మూడోనాడు లేద్దామంటే దిండు మీదనుంచి తల లేవదు. షాపువాళ్ళు ఆసుపత్రిలో పడేశారు. మొదట చూసినాయన టెన్షన్ అన్నాడు, పెళ్ళి కాలేదా అన్నాడు. తర్వాత ఈవిడ వచ్చింది, నరాల డాక్టరు. నా తలకింద చెయ్యి పెట్టి పైకెత్తి వదిలింది. పడిపోయింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పడింది. "ఎప్పట్నుంచీ ఇలా?" అంది. అలా అడిగిన మొదటి మనిషి ఆవిడే అన్నయ్యా. అందరూ "ఎందుకిలా" అనేవాళ్ళు.

రక్తం తీశారు. తొడలోంచి బియ్యపు గింజంత కండ కోసి చూశారు. కండనిండా కొవ్వు చుక్కలట. ఇంత సన్నగా ఉన్నదాని కండలో అంత కొవ్వేమిటని అడిగాను. కాలాల్సిన కొవ్వు కాలకుండా మిగిలిపోయిందమ్మా అంది.

ఒంట్లో ప్రతి కణంలోనూ చిన్న చిన్న పొయ్యిలుంటాయట. మైటోకాండ్రియా అంటారు. మనం తిన్నది ఆఖరికి అక్కడికి చేరి కాలితేనే చెయ్యి లేస్తుంది, కాలు కదుల్తుంది. చక్కెర ఒక దారిన పోతుంది, కొవ్వు ఇంకో దారిన. కొవ్వు దారిలో ఒక ఎంజైము ఉంది. కొవ్వులోంచి తీసిన శక్తిని అది అందుకుని ముందుకి అందించాలి. కానీ అది ఒంటరిగా పని చెయ్యలేదు. దానికి ఒక తోడు కావాలి. దాన్ని కో ఎంజైము అంటారు. ఆ తోడు బి2 విటమిన్‌తో తయారవుతుంది.

నాకు ఎలా అర్థమైందో చెప్పనా? మన రోలరే. ఇవతల దుప్పట్లు పెడుతూనే ఉంటారు. అవతల అందుకునే మనిషి లేడనుకో. ఏమవుతుంది? అక్కడే కుప్పపడి, ముడతలుపడి, మాడి కంపు కొడుతుంది. ఇవతల ఇంకా మూటలు మూటలు ఉన్నాయి, ఏం లాభం? వ్యాన్‌లోకి ఒక్క దుప్పటీ చేరదు. డాక్టరమ్మకి ఇదే చెప్తే నవ్వింది, అంతేనమ్మా అంది. ఆ కుప్పపడ్డదే రక్తంలో ఆమ్లమై వాంతులు చేయిస్తుందట.

తిండి సరిగ్గా తినక బి2 తగ్గిందా అని అడిగాను. కాదట. కొందరికి అలా కూడా వస్తుందిగానీ మనది వేరు. మన ఇంట్లో ఆ ఎంజైము పుట్టుకతోనే కొంచెం వంకరగా తయారైంది. తోడు దానికి సరిగ్గా అతకదు, జారిపోతూ ఉంటుంది. కడుపులో తిండి ఉన్నంతసేపూ చక్కెర దారిన ఎలాగో బండి నడుస్తుంది. కడుపు కాలితే ఒళ్ళు కొవ్వు మీద పడుతుంది, అక్కడ దారి మూసి ఉంటుంది. అంటే నాన్న నాకు ఏ మందిచ్చాడో చూడు. వెతికి వెతికి విషం తెచ్చి పెట్టినా అంత బాగా కుదరదు.

మరి దీనికి మందేమిటి? ఆపరేషనా? విదేశీ సూదా? పసుపు మాత్ర. ఆ విటమినే, ఎక్కువెక్కువ. పది జారిపోయినా ఒకటి అతుక్కుంటుందని. మందుల షాపులో ఎవరడిగినా ఇస్తారు. అద్దాల వెనక, దగ్గుమందు పక్కన పెడతారు.

వేసుకున్నాను. ఒక వారం ఏమీ లేదు. తర్వాత ఒకరోజు షాపు మేడ మీదికి పెట్టె ఒకటి తీసుకెళ్ళి, పైకి చేరాక చూసుకుంటే రెయిలింగ్ పట్టుకోలేదు. హమ్మయ్య అనుకున్నాననుకుంటున్నావా? ఒళ్ళు మండిపోయింది. అక్కడే చతికిలబడి ఏడ్చాను. ఇంతేనా? ఇంత చిన్నదానికా నా బతుకంతా తిట్లు తిన్నాను? పెద్ద జబ్బయినా బాగుండేది. నయం కాని జబ్బయినా బాగుండేది, తలరాత అనుకునేదాన్ని. ఇది తలరాత కూడా కాదు, ఎవరూ అడగలేదు, అంతే.

ఆ వారమే నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? తోడబుట్టినవాళ్ళకి నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంది, పరీక్ష చేయించుకో అన్నయ్యా అన్నాను. "నీ రోగం నాకంటించకు" అని పెట్టేశావు. వెనకాల రోలర్ చప్పుడు వినిపించింది. మూటలు రెండు భుజాలకీ రెండు వేసుకుని పరిగెత్తేవాడివి కదా నువ్వు, తడివి కూడా. నీకు రోగమేమిటి.

దాని గురించి నేను చాలా ఆలోచించాను. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే లోపం అయ్యుంటే నేను ఎందుకు కూలిపోయాను, నువ్వెందుకు నిలబడ్డావు?

చెప్పమంటావా, నువ్వే చెప్తావా? ఏం, అరటిపండు గొంతులో అడ్డం పడిందా? టీ తాగు. మెల్లగా.

అమ్మ. పొద్దున్నే, నాన్న బాయిలర్ వెలిగించడానికి కిందికి దిగగానే, వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన నిలబెట్టి నీకు పాలు, రొట్టె పెట్టేది. బరువులు మోసేవాడివని. నాకు తెలీదనుకునేవారు ఇద్దరూ. నీ మీసాల మీద పాలమీగడ ఉండేది అన్నయ్యా. నేను చూసేదాన్ని. చూసి, నాకూ పెట్టమని అడిగితే అమ్మని నాన్న తిడతాడని అడగలేదు.

నువ్వెప్పుడూ ఖాళీ కడుపుతో రోలర్ దగ్గరికి రాలేదు. అమ్మ పోయాక వదిన కూడా అలాగే పెట్టింది. నాన్న పోయాక నువ్వు యజమానివయ్యావు. పనివాళ్ళ ముందు నియమం తప్పకూడదని పాలు మానేశావు. వదిన చెప్పింది. నిజాయితీ వచ్చింది నీకు, అప్పుడు. మొదటిసారి నాన్న మాట నిజంగా పాటించావు, దాంతోపాటు పోయిన నెల జ్వరం. చూడు ఎక్కడ కూర్చున్నావో.

పాల వల్లేనా అని డాక్టరమ్మని అడిగాను. అయ్యుండొచ్చు, ఖాయంగా చెప్పలేను అంది. ఒకే లోపం ఒకరిలో ముందు బయటపడుతుంది, ఒకరిలో ఆలస్యంగా, అంది. ఆవిడ చదువుకున్నది కాబట్టి జాగ్రత్తగా మాట్లాడుతుంది. నాకు అంత జాగ్రత్త అక్కర్లేదు.

ఏడవకు. పనివాళ్ళు చూస్తున్నారు. నేను ఇక్కడ ఎన్నోసార్లు ఏడ్చాను, అప్పుడూ చూశారు, కానీ నువ్వు యజమానివి.

వ్యాన్ డ్రైవరుతో మాట్లాడాను. ఎక్కించిన మూటలు దింపమన్నాను. సగం దింపాడు కూడా. వెనక వదిన నీ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, నేను ముందు కూర్చుంటాను. డాక్టరమ్మకి ఫోన్‌లో అంతా చెప్పాను. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేదు, రాగానే సెలైన్, మాత్రలు మొదలుపెడదాం అంది. తీసుకురండి, దారిలో పడుకోబెట్టే తీసుకురండి అంది. హోటల్ వాళ్ళు ఏమైనా అనుకోనీ. ఒక్కరోజు పాత దుప్పట్ల మీద పడుకుంటే వాళ్ళ అతిథులు చచ్చిపోరు.

రానంటావా? ఇంకా రానంటావా? ఎవరేమనుకుంటారని? లాండ్రీ అయ్యగారిని దుప్పట్ల వ్యాన్‌లో మూటలా తీసుకెళ్ళారంటారనా?

ఎవరూ ఏమీ అనరు. అదే నా మంట. నువ్వు బాగైపోతావు. కొన్ని వారాలు, మహా అయితే నెలలు, మళ్ళీ మూటలు ఎత్తుతావు. పండ్లు పట్టుకుని పలకరించడానికి వస్తారు. పాపం, ఎంత పెద్ద జబ్బు చేసింది, ఎంత ఓర్చుకున్నాడు అంటారు. నీది మొదటి రోజునుంచే జబ్బు. దానికి పేరుంది, మందుంది, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో కూడా తెలుసు. ఎలా తెలిసింది? నేను ముందు పడ్డాను కాబట్టి. నాకేమో పేరు దొరికేసరికి పిలిచేవాళ్ళే లేరు.

ప్రేమకొద్దీ పరిగెత్తుకొచ్చాననుకోకు. వదిన ఫోన్‌లో నీ చేతులు లేవడం లేదని చెప్పినప్పుడు నాకు మొట్టమొదట ఏమనిపించిందో చెప్తాను, నీ ఎదురుగానే చెప్తాను. సంతోషం వేసింది. అబద్ధమెందుకు, బాగా వేసింది. తెలియనీ అనుకున్నాను. మెట్టు మీద కూర్చుని పై మెట్టు వైపు చూడ్డమేమిటో, చెయ్యి నీదే అయ్యుండీ నీ మాట వినకపోవడమేమిటో తెలియనీ. అలా కాసేపు కూర్చున్నాను, ఫోన్ చేతిలో పట్టుకుని.

తర్వాత భయం వేసింది. వీడు పోతాడేమో అని. నాన్న నేను నటించాననే అనుకుంటూ పోయాడు. అమ్మ ఏమనుకుందో ఏనాడూ చెప్పలేదు. నాకు ఎలా ఉండేదో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇవాళ నువ్వొక్కడివే అన్నయ్యా. నువ్వూ పోతే, "అది నటించలేదు" అని నా గురించి చెప్పడానికి నాకెవరూ మిగలరు.

అందుకని బతకాలి నువ్వు. నీ కోసం కాదు, నా కోసం. రా, చెయ్యి నా భుజం మీద వెయ్యి. అలా మొహమాటంగా కాదు. బరువంతా వెయ్యి, మోస్తాను.